కూర్మన్నపాలెం లైను హారను

మా అబ్బాయీ వాడి స్నేహితులూ తెల్లారకుండానే లేచి బీచ్ రోడ్డు మీద సైకిళ్లు తొక్కుతారు. అందరికీ ఒకే రంగు చొక్కాలు, నెత్తిన టోపీలు, ఫోన్లలో ఒక గ్రూపు. మావాడు సైకిల్ తుడిచేటప్పుడు చూస్తే పసిబిడ్డకి నీళ్లు పోస్తున్నాడేమో అనిపిస్తుంది. మొన్న వాళ్లలో ఒకబ్బాయి సైకిల్ పోయింది. ఇక చూడండి, ద్వారకా నగర్‌లో మా ఫ్లాటు హాలు రెండు రోజుల పాటు పోలీసు స్టేషనైపోయింది. ఒకడు షాపుల కెమెరాల్లోంచి బొమ్మలు పట్టుకొచ్చాడు. ఇంకొకడు పాత సామాన్ల కొట్లన్నీ తిరిగొచ్చాడు. మరొకడు ఎవరిదో ఫోటో మీద ఎర్ర సున్నా చుట్టి ఊరందరికీ పంపాడు.

టీ కప్పులు పెడుతూ అడిగాను, "సైకిల్ దొరికిందా బాబూ?" అని.

"సైకిల్ ఇంకా లేదాంటీ. మనిషి దొరికాడు," అన్నాడు ఒకబ్బాయి.

ఇంత వయసొచ్చాక కూడా ఆ మాటకి నాకు అదే పాత భయం వేసింది. "ఆగండర్రా, ఆ మనిషి దగ్గరికెళ్లే ముందు నాదొక మాట వినండి," అన్నాను. వినే తీరిక వాళ్లకి లేదు. టీ కూడా తాగకుండా మెట్లు దిగి వెళ్లిపోయారు. వాళ్లు వినకుండా వెళ్లిన మాట ఇది.

మాది చేపల రేవు పక్కన వాడ. నా చిన్నప్పుడు ఇప్పుడున్నన్ని మేడలు లేవు. తాటాకు పాకలు, వాటి మధ్య ఇసుక దారులు, దారుల పొడవునా ఆరబెట్టిన నెత్తళ్ల చేపలు. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన లేని రోజే భయం వేసేది. వాసన లేదంటే పడవలు వెళ్లలేదని, పడవలు వెళ్లలేదంటే పొయ్యి మీద అంబలి తప్ప ఇంకేమీ ఉండదని అర్థం.

మా అయ్య అందరిలా వేటకి వెళ్లేవాడు కాదు. ఒకప్పుడు వెళ్లేవాడట. వాళ్లన్న ఎక్కిన పడవ ఒకసారి తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి అయ్య చీలమండలు మునిగేంత నీళ్లలోకి కూడా దిగలేదు. గంగపుత్రుడికి నీళ్లంటే భయమేమిటని వెనక నవ్వేవాళ్లు నవ్వేవారు. ఆయన పట్టించుకోకుండా ఒక సైకిల్ సంపాదించి, వెనక పెద్ద వెదురు బుట్ట కట్టి, రేవులో చేపలు ఎత్తి ఊళ్లోకి తీసుకెళ్లి అమ్మేవాడు.

అలాంటివాళ్లు మా వాడలో పన్నెండు మంది. జట్టు అనేవారు. ఒక్కొక్కరికీ చేపలు అమ్ముకునే లైను ఒకటి ఉండేది. ఒకరిది గాజువాక, ఒకరిది ఎన్నేడీ జంక్షను. అయ్యది అన్నిటికన్నా దూరం, కూర్మన్నపాలెం. స్టీల్ ప్లాంటులో పనిచేసేవాళ్ల ఇళ్లన్నీ అక్కడే. ఒకరి లైనులోకి ఇంకొకరు బుట్ట తీసుకెళ్లడమంటే పక్కవాడి వంటింట్లోకి దూరినట్టే. మా వాడలో వాళ్లకి పేర్లు ఉండేవి కాబోలు గాని, ఎవరూ పిలిచేవారు కాదు. గాజువాక బావ, ఎన్నేడీ బావ, కూర్మన్నపాలెం బావ. అంతే.

ఆ సైకిళ్లకి రబ్బరు బుడగ హారన్లు ఉండేవి. ఒక్కొక్కరి కూత ఒక్కో రకం. మా అయ్యది రెండు పొట్టి, ఒక పొడుగు. పైగా ఆ బుడగ ఒకసారి చిరిగితే ట్యూబు ముక్కతో అతికాడేమో, చివర్లో పిల్లి తోక తొక్కినట్టు ఒక కీచుమనే శబ్దం వచ్చేది. కూర్మన్నపాలెంలో ఆడవాళ్లు ఆ కీచు విని గిన్నెలు పట్టుకుని గేట్ల దగ్గరికి వచ్చేవారట. జట్టులో ఎవరూ సైకిళ్లకి తాళాలు వేసేవారు కాదు. "కూత తెలిసిన సైకిలెవుడెత్తుకెల్తాడే," అనేవాడు అయ్య.

మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడు. బుట్ట కడిగి బోర్లించి, మామ్మ పెట్టిన చద్దన్నంలో నిన్నటి చేపల పులుసు కలుపుకు తిని, చూరు నీడన నిద్రపోయేవాడు. అమ్మ రొయ్యల షెడ్డు నుంచి సాయంత్రానికి గాని వచ్చేది కాదు. మామ్మ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, అడ్డపొగ పీలుస్తూ గోడకి చేరబడేది. ఆ గంటా రెండు గంటలూ నాది రాజ్యం. సైకిల్ మెల్లగా నడిపించుకుంటూ గెడ్డ గట్టు మీదికి పోయేదాన్ని. బారు కింద నుంచి కాలు దూర్చి సగం సగం తొక్కేదాన్ని. మా వాడలో ఆడపిల్ల సైకిల్ ముట్టుకోవడం అప్పటికి ఎవరూ ఎరగరు. తెలిస్తే అయ్య తోలు వలుస్తాడని తెలుసు. మూడు రోజులు ఎవరికీ తెలియలేదు. నాలుగో రోజు నాకు ధైర్యం ఎక్కువైంది.

గెడ్డ అంటే ఊళ్లోంచి వచ్చి సముద్రంలో కలిసే కాలువ. పోటు మీద నీళ్లు నిండుగా ఉంటాయి, పాటు మీద నల్లటి బురద తేలుతుంది. ఆ రోజు పోటు. గట్టు వాలులో సైకిల్ వేగం అందుకుంది. బ్రేకు నొక్కితే పడలేదు. అయ్య కాలితో ఆపేవాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది. నా కాలు నేలకి అందదు. దూకేశాను. చేతికి దొరికింది పట్టుకుని లాగాను. హారన్ ఊడి నా చేతిలోకి వచ్చింది, సైకిల్ నీళ్లలోకి వెళ్లింది. రెండు బుడగలు పైకి వచ్చాయి. తర్వాత ఏమీ లేదు.

ఏడుపు కూడా రాలేదు. హారన్ తుమ్మ పొదల్లోకి విసిరేసి ఇంటికి పరిగెత్తాను. మామ్మ పక్కన చాప మీద పడుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను. నా గుండె చప్పుడుకి మామ్మ లేస్తుందేమోనని భయం.

అయ్య లేచాడు. చూరు కింద చూశాడు. పాక చుట్టూ తిరిగాడు. "ఒలే, సైకిలెవులైనా తీసారేటి?" అన్నాడు నన్ను.

"నాకు తెల్దయ్యా. నాను పడుకున్నాను."

అంతే. ఒక్క మాట. నా జీవితంలో అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చిన మాట ఇంకొకటి లేదు.

చీకటి పడకముందే జట్టు మా ఇంటి ముందు చేరింది. వాళ్లలో పెద్దవాడు గాజువాక బావ, నాకు మావ. మెడలో తువ్వాలు, మీసం మీద చెయ్యి. ఆయన అన్న మాట నాకిప్పటికీ వినిపిస్తుంది. "ఒకడి సైకిలు పోతే పన్నెండు సైకిళ్లు పోయినట్టే. దొరికేదాకా ఎవుడూ బుట్ట ఎత్తడు."

అది వాళ్ల కట్టుబాటు. మర్నాడు రేవులో చేపల వేలంపాట జరుగుతుంటే పన్నెండు బుట్టలూ మా గోడ దగ్గర బోర్లించి ఉన్నాయి. పదకొండు సైకిళ్లు ఎవరి లైను మీద వాళ్లు వెతకడానికి వెళ్లాయి. అయ్య గాజువాక మావ సైకిల్ ముందు బారు మీద కూర్చుని వెళ్లాడు. రిపేరు షాపులు, సినిమా హాళ్ల స్టాండ్లు, పాత ఇనుము కొట్లు, అన్నీ చూశారు. వెనక చక్రం చూస్తే చాలు. చేపల బుట్టలోంచి ఉప్పునీళ్లు కారి మా సైకిళ్ల వెనక చక్రమే తుప్పు పట్టేది, ముందుది మెరుస్తూ ఉండేది. అలాంటి సైకిల్ కనిపిస్తే అది మాదే.

నేను అన్నం ముద్ద మింగలేకపోయాను. మామ్మ నొసలు చూసి "గుంటకి దిష్టి తగిలినాది," అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటెక్కి అందరూ దగ్గారు. నేను కూడా దగ్గాను, కావాలని గట్టిగా. వీధిలో ఎవరైనా పరిగెత్తితే నా కోసమే వస్తున్నారనుకునేదాన్ని. రెండుసార్లు గట్టు దాకా వెళ్లాను, చెప్పేద్దామని కాదు, సైకిల్ పైకి తేలిందేమో చూద్దామని. ఇనుము తేలదని బళ్లో చెప్పారు. అయినా చూశాను.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం వాళ్లు వచ్చారు, ఒక మనిషిని తీసుకుని.

ఉప్పు అమ్మేవాడు. బక్కగా, పొట్టిగా, మోకాళ్ల దాకా పంచె. ఉప్పు మళ్ల నుంచి బస్తా సైకిల్ మీద వేసుకుని ఊళ్లలో తిరిగే మనిషి. గాజువాక దారిలో ఎన్నేడీ మావకి వెనక నుంచి రెండు పొట్టి, ఒక పొడుగు, చివర కీచు వినిపించాయట. తిరిగి చూస్తే ఇతను. గెడ్డ పక్కన తుమ్మ పొదల్లో దొరికిన హారన్ తన సైకిల్‌కి బిగించుకుని, దారిపొడవునా సరదాగా మోగించుకుంటూ వెళ్తున్నాడు. ఉప్పు మనిషి చేతికి నిజంగా అదే వరస వచ్చిందో, ఎప్పుడూ వినే కూత కాబట్టి ఎన్నేడీ మావకే అలా వినిపించిందో నాకు తెలియదు. కీచు మాత్రం నిజం.

అతని సైకిల్‌కి కొత్తగా నల్ల రంగు వేసి ఉంది. ముందు చక్రం మెరుస్తోంది. వెనకది తుప్పు పట్టి ఉంది.

"సూడు బావా, నీదేనా?" అన్నాడు గాజువాక మావ.

అయ్య చుట్టూ తిరిగి చూశాడు. చక్రం మీద వేలితో గీశాడు. "రంగు నాది కాదు. కూత నాదే," అన్నాడు.

"రంగేసేసినాడు దొంగనాకొడుకు. చక్రం సూడు, సేపల నీరు కాదేటది?"

"ఉప్పు బాబూ, ఉప్పు," అన్నాడు ఆ మనిషి. "ఉప్పు బస్తా కారి తుప్పట్టినాది. హారను దొరికినాది బాబూ, గెడ్డ కాడ పొదల్లో. నాను దొంగని కాను."

ఉప్పుకి కూడా చక్రం తుప్పు పడుతుందని వాళ్లలో ఎవరికీ తోచలేదు. తుప్పంటే వాళ్లకి చేపల నీళ్లే. వలలు పెట్టే పాక రాటకి అతన్ని వలతాడుతో కట్టారు. గాజువాక మావ మొదటి దెబ్బ కొట్టాడు. తర్వాత ఎవరు కొట్టారో లెక్క లేదు. బస్తా చిరిగి ఉప్పంతా ఇసుకలో పడింది. మామ్మ గోడ దగ్గర నుంచి అరిచింది. "ఉప్పు తొక్కకండర్రా, అరిష్టం. పక్కకి లాగి కొట్టుకోండి." మా మామ్మ మంచిదే. ఆ రోజు ఆమెకి ఉప్పు కనిపించింది, మనిషి కనిపించలేదు.

నాకు బిందె ఇచ్చి "మావలకి నీళ్లట్టుకెల్లు, ఎండన పడొచ్చారు," అంది. బిందె నడుము మీద పెట్టుకుని పాకలోకి వెళ్లాను. ఒక్కొక్కరికీ దోసిట్లో నీళ్లు పోశాను. అప్పుడు ఆ మనిషి తల ఎత్తి నన్ను చూశాడు. పెదవి చిట్లి ఉంది. చూపు తిప్పలేదు. నేనెటు వెళ్తే అటు చూశాడు.

ఇతనికి తెలుసు, అనుకున్నాను. హారన్ విసిరేసినప్పుడు ఇతను ఆ పొదల వెనకే ఉన్నాడు. నన్ను చూశాడు. ఇప్పుడు నోరు తెరిచి ఈ గుంటే అంటాడు. నడుము మీది బిందె జారింది. మిగిలిన నీళ్లన్నీ ఇసుకలో పోయాయి. నేను పరుగెత్తి సముద్రం ఒడ్డున తిరగేసిన తెప్ప కింద దూరాను. సాయంత్రం దాకా రాలేదు.

వచ్చేసరికి అతన్ని వదిలేశారు. సైకిల్ ఉంచేసుకున్నారు. కుంటుకుంటూ ఉప్పు మళ్ల వైపు నడిచి వెళ్లాడని చెప్పారు. అతను నా పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాలేదు. దాంతో ఇంకా భయం వేసింది. రేపు చెబుతాడేమో, ఎల్లుండి చెబుతాడేమో.

మామ్మ దీపం పెడుతుండగా ఇక ఆగలేకపోయాను. అయ్యని ఇంటి వెనక్కి లాక్కెళ్లి చెప్పేశాను. తంతాడనుకుని ముందే తల మీద చేతులు పెట్టుకున్నాను. తన్నలేదు. నా చెయ్యి పట్టుకుని గెడ్డ గట్టుకి తీసుకెళ్లాడు. పాటు మీద ఉంది. బురదలోంచి హ్యాండిల్ కొసలు రెండు వేళ్లలా బయటికి కనిపిస్తున్నాయి. అయ్య తుమ్మ కొమ్మలు నాలుగు విరిచి వాటి మీద కప్పాడు.

"ఇంకెవులికీ సెప్పకు," అన్నాడు.

"ఆయన్ని కొట్టారు కదయ్యా."

నా నోటి మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చేపల వాసన. "పన్నెండు మంది రెండ్రోజులు బుట్టలు బోర్లించారు. నా మాట మీద మనిషిని కొట్టారు. ఇప్పుడు నా గుంట పడేసినాదంటే నా మొకం మీద ఉమ్మేత్తారు. లైను పోద్ది. లైను పోతే నానెక్కడికెల్తానే?"

అని సముద్రం వైపు చూశాడు. అప్పటి దాకా నాకు అయ్యంటే భయం. అయ్యకి నాకన్నా ఎక్కువ భయం ఉంటుందని ఆ సాయంత్రమే తెలిసింది. అది తెలిశాక నాకు ఇంక ఎవరి వెనక దాక్కోవాలో తోచలేదు.

నాలుగు రోజులు అయ్య ఆ నల్ల సైకిల్ మీదే కూర్మన్నపాలెం వెళ్లాడు. ఉప్పాయన పొట్టివాడు కదా, సీటు కిందికి ఉంది. తొక్కుతుంటే అయ్య మోకాళ్లు హ్యాండిల్‌కి కొట్టుకునేవి. సీటు పైకెత్తుకోవడం ఎంతసేపు. ఎత్తుకోలేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచేవాడు. పులుసులో ఉప్పు తక్కువైందని అమ్మ డబ్బా అందిస్తే అక్కర్లేదన్నాడు.

ఐదో రోజు నేను రేవు గట్టు మీద ఉన్నాను. వేలంపాట మొదలు కాలేదు. జట్టంతా సైకిళ్లు ఆనించి బీడీలు కాలుస్తున్నారు. అయ్య వాళ్ల మధ్యకి వెళ్లి నిలబడ్డాడు.

"సైకిలెవుడూ ఎత్తుకెల్లనేదు బావా. గెడ్డలో ఉంది. నానే పడేసినాను. తాగున్నాను. మీకు సెప్పనేకపోయినాను."

అయ్య తాగడని ఆ జట్టులో ప్రతివాడికీ తెలుసు. గాజువాక మావ బీడీ పారేసి అయ్య ముఖంలోకి చూశాడు. తర్వాత గట్టు మీద ఉన్న నన్ను చూశాడు. నేను తల దించేశాను.

"నువ్వు తాగడవేటి బావా?" అన్నాడు మెల్లగా.

"ఆ రోజు తాగినాను."

"ఆ మనిషి మీద మొదట సెయ్యేసింది నాను. నా సేతికేటి సమాదానం సెప్పమంటావు?"

గాజువాక మావ వంగి ఆ నల్ల సైకిల్ నుంచి హారన్ విప్పాడు, విప్పి తన జేబులో పెట్టుకున్నాడు. లైను తీసేశామని ఎవరూ నోటితో అనలేదు. హారన్ తీస్తే తీసినట్టే. మర్నాటి నుంచి కూర్మన్నపాలెం ఇంకొకరు వెళ్లారు, అదే కూతతో.

అయ్య సైకిల్ నడిపించుకుంటూ ఉప్పు మళ్లకి వెళ్లాడు. ఎక్కి తొక్కలేదు. పొద్దు వాలాక ఒక్కడే నడిచి వచ్చాడు. అక్కడేమైందని మామ్మ అడిగితే "ఇచ్చేసినాను," అన్నాడు. వారం తిరగకుండా ఒక పడవలో చోటు అడిగి కుదుర్చుకున్నాడు.

మొదటి రోజు పడవ ఎక్కడానికి నీళ్లలోకి దిగినప్పుడు ఆయన కాళ్లు ఎలా వణికాయో ఒడ్డు మీదున్న అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు. ఆయన నా వైపు చూడలేదు. చూస్తే నేను ఏడుస్తానని కాబోలు. పడవ అలలు దాటి చిన్నదైపోయింది. నేను ఆ ఇసుకలోనే కూర్చున్నాను. సముద్రంలో ఏదో అవుతుందని నాకు ఖాయంగా తెలుసు. నేనే చేశానని కూడా తెలుసు. పిల్లలకి అంతకన్నా పెద్ద భయం ఉంటుందని నేననుకోను.

ఎండెక్కాక ఒక సైకిల్ వచ్చి ఆగింది. ఉప్పాయన. పెదవి మీద పక్కు కట్టి ఉంది. నేను లేచి పారిపోబోయి, అయ్య పడవ ఇంకా రాలేదని ఆగిపోయాను. ఆయన సైకిల్ ఆనించి, నాకు కాస్త దూరంలో ఇసుకలో కూర్చున్నాడు.

"మీ అయ్య ఏటకెల్లాడంట," అన్నాడు.

తల ఊపాను.

"నీళ్లంటే బయమన్నాడు. మళ్ల కాడికొచ్చినప్పుడు సెప్పాడు. ఎలాగొత్తాడో సూసి ఎల్దామని వచ్చినాను."

ఇద్దరం కూర్చున్నాం. పడవలు కనిపించడం లేదు. చివరికి నేనే అడిగాను. "ఆ రోజు పాకలో నన్నెందుకలాగ సూసినావు? నీకు తెలుసు కదా?"

"తెలవడానికేటుంది పాపా?" అన్నాడు ఆశ్చర్యంగా. "దాహమేసింది. అందరికీ పోత్తన్నావు గదా, నాకూ ఓ గుక్క పోత్తావేమోనని సూసినాను."

నేను లేచి ఇంటికి పరిగెత్తాను. కుండలోంచి చెంబు నిండా నీళ్లు ముంచుకుని, ఒలికిపోతున్నా ఆగకుండా, వెనక్కి పరిగెత్తి ఆయన ముందు నిలబడ్డాను.

"ఇప్పుడు దాహం నేదమ్మా," అన్నాడు.

కోపంగా కాదు. నిజంగానే దాహం లేదు. చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. పడవలు ఒక్కొక్కటే కనిపించాయి. మూడో పడవలో అయ్య ఉన్నాడు. ఆయన దిగి ఒడ్డెక్కేదాకా చూసి, ఉప్పాయన సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.

అయ్య ఆ తర్వాత ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ వేటకి వెళ్లాడు. వెళ్లిన ప్రతిరోజూ భయపడ్డాడు, ప్రతిరోజూ తిరిగొచ్చాడు, చివరికి మంచం మీద నిద్రలో పోయాడు. తాగి సైకిల్ గెడ్డలో పడేసుకున్నవాడనే వాడలో చివరిదాకా అన్నారు. అది తాను కాదని ఆయన అమ్మకి చెప్పలేదు, మామ్మకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ రోజు ఉప్పాయన పక్కన అంతసేపు కూర్చుని కూడా, పడేసింది నేనేనని చెప్పలేదు.